రెండు టోపీల దొర వాకిలి

రెండు టోపీల దొరని ఆయన వాకిట్లోనే, ఆయన వియ్యాలవారి కళ్ళముందే మట్టి కరిపించినవాణ్ణి నేను. అదీ ఒంటిచేత్తో. రెండో చేతిలో పేడ బకెట్టు ఉంది మరి. ఆ చెయ్యి కూడా ఖాళీగా ఉండుంటే ఏం జరిగేదో నేను చెప్పలేను. మిడిల్‌బర్గ్ నుంచి స్టీల్‌పోర్ట్ నది దాకా మావాళ్ళలో ఎవరినైనా అడగండి, బెకీ మసంగో పేరే చెబుతారు. చెప్పలేదంటే వాళ్ళు మావాళ్ళు కారని అర్థం.

ముందు దొర సంగతి వినండి. తెల్లరైతు. కాగితాల మీద ఆయనకి ఏదో పేరుండేది. మేం మాత్రం రెండు టోపీల దొర అనేవాళ్ళం. ఒక టోపీ నెత్తిన. రెండోది ట్రక్కులో, ముందు అద్దం దగ్గర. పొలం గట్టున ట్రక్కు ఆపి, సీటు మీద గోనెసంచి నిలబెట్టి, దానిమీద ఆ టోపీ పెట్టి, తను నడిచి ఇంటికెళ్ళి నిద్రపోయేవాడు. దూరం నుంచి చూస్తే దొర లోపల కూర్చుని మమ్మల్నే చూస్తున్నట్టుండేది. మేం నడుమెత్తకుండా కలుపు తీసేవాళ్ళం. ఒక వేసవంతా ఆ టోపీకి దండాలు పెట్టాం. ఒకసారి అది దగ్గింది కూడా. నా చెవులతో విన్నాను.

మేం ఆ పొలానికి పనికి వచ్చినవాళ్ళం కాదు, పంపకంలో వచ్చినవాళ్ళం. మా రాజు గుహల్లో కూర్చుని యుద్ధం చేసి, తిండి అయిపోయి కొండ దిగొచ్చినప్పుడు, గెలిచినవాళ్ళు మా జనాన్ని గొడ్లని పంచుకున్నట్టు పంచుకున్నారు. ఐదేళ్ళు ఊడిగం చేసి పొమ్మన్నారు. దొర తాత వాటాకి మా తాత పడ్డాడు. నాకు తల నెరిసేదాకా ఆ ఐదేళ్ళు అవలేదు. దొరల పంచాంగమే వేరు.

ఇక మా వదిన. చచ్చిపోయిన మా అన్న భార్య. కబీనీల ఇంటి ఆడపడుచు కాబట్టి అందరూ నాకబీని అని పిలిచేవాళ్ళు. మనిషి కోడిపెట్టంత ఉండేది. చెయ్యి మాత్రం ఎలాంటిదంటే, కొలబద్ద లేకుండా, తాడు పట్టకుండా, కోడి ఈకతో గోడ ఈ చివర నుంచి ఆ చివరకి గీత లాగితే, ఆ గీత చూసి టెలిఫోను తీగలవాళ్ళు తమ స్తంభాలు సరిచేసుకున్నారు. ఆమెకి ఒక్కడే కొడుకు, వెలానీ.

మాలో కొండకెళ్ళి దీక్ష పట్టి రాని మగవాడు మగవాడు కాడు. గడ్డం నెరిసినా పిల్లాడే. పశువుల దొడ్డి దగ్గర మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటుంటే వాడు అవతల పిల్లల మధ్య కూర్చుని సంకటి తినాలి. ఎవరూ పిల్లనివ్వరు. ఆ కొండదారి నాలుగేళ్ళకోసారి తెరుచుకుంటుంది. అదీ చలికాలంలో, సరిగ్గా మొక్కజొన్న కోతల్లో. ఏ ఇంటినుంచి కొడుకు వెళ్తున్నాడో ఆ ఇంటి తల్లి ముందుగోడ కొత్తగా అలికి, వాకిలికి రెండు పక్కలా రంగులు వేస్తుంది. వెళ్ళబోయే కుర్రాళ్ళని వెంటేసుకుని ఊళ్ళ మీద తిరిగే పెద్దలు అలాంటి వాకిలిని దాటిపోరు. లోపలికొచ్చి, “ఈ ఇంటి పిల్లాడేడీ?” అని అడుగుతారు. ఇంటి యజమాని పిల్లాడి భుజాన దుప్పటి కప్పి, చేతులారా అప్పగించి, ఒక ఎద్దునిచ్చి సాగనంపాలి. అది అయ్యేదాకా వాళ్ళు కదలరు. వాన పడినా కదలరు.

నేను చెప్పిన ఆ రోజుకి నాలుగేళ్ళ ముందు కొండదారి తెరిచినప్పుడు వదిన తన గోడకి రంగులు వేసింది. జొన్న బీరు కాచింది. దొర సరేనన్నాడు కూడా. రేపు పెద్దలొస్తారనగా దొర ట్రాక్టరు మీద వచ్చాడు.

“ఏంటే ఈ రంగులు?”

“వెలానీ కొండకెళ్తున్నాడు దొరా. మీరే సరేనన్నారు.”

“అన్నాను. కోతలయ్యాక అన్నాను.”

“కోతలయ్యేసరికి వాళ్ళు కొండ దిగొచ్చేస్తారు దొరా.”

“అయితే వచ్చే ఏడు పంపు.”

“వచ్చే ఏడు ఉండదు దొరా. మళ్ళీ నాలుగేళ్ళకే.”

“నాలుగేళ్ళలో నీ కొడుకేం కరిగిపోడులే.”

ఆ మాట అని, ట్రాక్టరుని వెనక్కి తోలి, గోడని కూలదోశాడు. పని ఎగ్గొట్టి బొమ్మలేసుకునేవాళ్ళు తనకొద్దన్నాడు. వదిన ఎవరి ముందూ ఏడవలేదు. తిట్టలేదు. దొర వెళ్ళాక ఆ మట్టిలోంచి ఒక పెడ్డ ఏరింది. దానిమీద నీలం, ఎరుపు, నడుమ నల్లగీత చెక్కు చెదరకుండా ఉన్నాయి. దాన్ని తీసుకెళ్ళి గింజల కుండ కింద పెట్టింది.

నాకు రక్తం మరిగింది. “వదినా, నువ్వు ఊఁ అను, వాడి గడ్డివాము తగలబెట్టేస్తాను” అన్నాను.

“తగలబెడితే మళ్ళీ వేయించుకుంటాడు. వేసేదెవరు? నువ్వే. కూర్చో.”

“మరి ఊరుకుంటావా?”

“ఊరుకుంటానని నీకెవరు చెప్పారు?”

పాము పగ పన్నెండేళ్ళంటారు. పాముకి నాకబీని సంగతి తెలీదు. ఆమె ప్రతి కోతకీ ఆ కుండ జరిపి, ఆ పెడ్డ తుడిచి, మళ్ళీ కింద పెట్టేది. వెలానీ తనకన్నా చిన్నవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని దొడ్డి దగ్గర కూర్చుంటుంటే చూసి, గిన్నె పట్టుకుని పిల్లల వైపు పోయేవాడు. “తాతా, కొంచెం జరుగు” అని పసివెధవలు వాడిని ఆటపట్టించేవాళ్ళు. వాడు జరిగేవాడు. వాడు జరిగినప్పుడల్లా వదిన చేతిలో పని ఒక్క క్షణం ఆగేది. అంతే.

నాలుగేళ్ళు తిరిగాయి. ఈలోగా లోకం కూడా తిరిగింది. మా గోడల్ని చూడ్డానికి ప్రిటోరియా నుంచి జనం కార్లు వేసుకొచ్చి, ఫోటోలు తీసుకుని, మా పిల్లలకి మిఠాయిలిచ్చి పోతున్నారు. దొర కూతురికి సంబంధం కుదిరింది. అబ్బాయి తండ్రి మహా పెద్ద రైతు, నది ఆయన పొలంలోంచే పారుతుంది. మా దొర పొలానికి దాహం ఎక్కువ. ఆ వియ్యంకుడి భార్యకి మా రంగుల గోడలంటే పిచ్చి. పెళ్ళి దొర ఇంట్లోనే. అదీ సంగతి.

దొర వదినని పిలిపించాడు. నేను వెనకాలే ఉన్నాను, నా టోపీ చేతిలో పట్టుకుని.

“నా ఇంటి ముందుగోడకి రంగులెయ్యాలే. వాకిలికి రెండు పక్కలా. పెళ్ళివారు నోరు తెరవాలి.”

“అలాగే దొరా. ఈ చలికి కొండదారి తెరుస్తున్నారు. వెలానీని...”

“కోతలయ్యాక.”

“వాడికిదే ఆఖరు దొరా. ఇంకో నాలుగేళ్ళంటే తీసుకోరు, ముదిరిపోయాడంటారు.”

“కోతలయ్యాక అన్నానా? గోడ సంగతి చూడు.”

“గోడ ఎలా వెయ్యమంటారు దొరా? రకరకాలుంటాయి.”

“మీవాటిలో అన్నిటికన్నా గొప్పది వెయ్యి.”

“అన్నిటికన్నా గొప్పదా?”

“చెవుడా నీకు?”

“లేదు దొరా. తర్వాత నేను అడగలేదనకూడదు కదా.”

ఇంటికొచ్చి ఆమె కుండ జరిపింది. పెడ్డ తీసి రాతి మీద పెట్టి నూరింది. నీలం, ఎరుపు, నలుపు, మట్టి అన్నీ కలిసి బూడిదరంగు పొడి అయింది. ఆ పొడిని పేడలో కలిపి దొర గోడ అలికింది. ఆ పేడ బకెట్టు మోసింది నేనే, దానికి సాక్షులున్నారు. అలికింది ఆరాక సున్నం కొట్టింది. పొయ్యి మసితో గీతలు, జేగురుమట్టితో ఎరుపు, బట్టలకి పెట్టే నీలిమందుతో నీలం. మెట్లు మెట్లుగా ఎక్కే ముక్కోణాలు, గొడ్డలి రేకులు, వాకిలికి అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడి చూస్తున్నట్టు. సగం అయ్యేసరికి నేను బకెట్టు కింద పెట్టేశాను.

“వదినా, ఇది పెళ్ళి గోడ కాదే.”

“నోర్మూసుకుని బకెట్టు ఇటు తే.”

“ఇది కొడుకుని పంపే గోడే! దొరకి కొడుకుల్లేరే!”

“అన్నిటికన్నా గొప్పది వెయ్యమన్నాడు. కొడుకు గోడ కన్నా గొప్పది నీకేమైనా తెలుసా మరిదీ? తెలిస్తే చెప్పు, చెరిపేస్తాను.”

దొర వంటింట్లో పనిచేసే మా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడ చూశారు. చూసి, కొంగులు నోట్లో కుక్కుకుని లోపలికి పోయారు. దొర కూడా వచ్చి చూశాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, “చూశావా, భయముంటే పని ఎంత బాగా వస్తుందో” అన్నాడు. వదిన తల వంచి దండం పెట్టింది. అంత వినయం నేను ఆమెలో ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

పెళ్ళిరోజు ఎండ బంగారంలా కాసింది. పాదిరి వచ్చాడు. వియ్యంకుడు వచ్చాడు. ఆయన పొట్ట కారులోంచి ముందు దిగింది, ఆయన తర్వాత తీరిగ్గా దిగాడు. పత్రికవాళ్ళ ఫోటోగ్రాఫరొకడు గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. వియ్యపురాలు గోడని చేత్తో తడుముతూ, “ఇది మీవాళ్ళే వేశారా?” అని అడిగింది. దొర పొంగిపోయి, పళ్ళెం పట్టుకుని కాఫీలిస్తున్న వెలానీ భుజం మీద చెయ్యి వేశాడు. “వీడి తల్లే వేసింది. వీడు పుట్టింది ఇక్కడే, నా చేతుల్లో పెరిగాడు. మా ఇంటి పిల్లాడే అనుకోండి” అన్నాడు. వదిన ఆ మాట విన్నది. కేకు ముక్కల పళ్ళెం సర్దుకుంటూ విన్నది.

ఉంగరాలు మార్చుకోవడం అయింది. అప్పుడు రోడ్డు వైపు నుంచి పాట వినిపించింది. మగవాళ్ళ పాట, మంద్రస్థాయిలో, నేలలోంచి వస్తున్నట్టు. దుమ్ము లేచింది. దుమ్ములోంచి కర్రలు, కర్రల కింద కుర్రాళ్ళు, అందరికన్నా ముందు జియానే తాత. ఆయన ఒంటికన్ను మనిషి. రెండో కన్ను ఏదో కర్రసాములో పోయింది. వదిన గోడ ముందు ఆగి, ఆ ఒంటికన్నుతో పైనుంచి కిందకి చదివాడు. కర్ర నేలకి తాటించాడు. గుంపంతా దొర వాకిట్లోకి వచ్చేసింది.

ఇదిగో, ఇక్కడ మీరు నా కోసం వెతుకుతారని తెలుసు. వెతక్కండి. ఆ సమయంలో నేను నీళ్ళ ట్యాంకు వెనకాల ఉన్నాను, బకెట్టు నెత్తిన బోర్లించుకుని. దొరని ఓడించింది నేనని మొదట్లో అన్నానా? అది ఊపు కోసం అన్నది. కథ చెప్పేవాడు లోపలికి రావాలంటే తలుపు కొంచెం గట్టిగా తొయ్యాలి కదా.

దొర ముందుకొచ్చాడు. “ఎవర్రా మీరు? పొండి బయటికి!”

“చల్లగా ఉండు దొరా” అన్నాడు జియానే తాత. “మంచిపని చేస్తున్నావు. మా రాజుల కాలం నుంచి నీ జాతివాడెవడూ చెయ్యని పని.”

“ఏం పని?”

“కొడుకుని కొండకి పంపుతున్నావుగా.”

“నాకు కొడుకుల్లేరు!”

“ఉన్నాడంటోందిగా గోడ.”

“గోడ చెప్పడమేమిట్రా, తాగొచ్చావా?”

తాత మొహం ముడుచుకుంది. “ఇలాంటి వాకిలి నేను నా జన్మలో దాటిపోలేదు. తెల్లవాడిదైనా నల్లవాడిదైనా వాకిలి వాకిలే. నీ ఇంటి ముందు నీ గోడే నాకు అబద్ధం చెప్పిందంటావా? చెప్పు. అందరూ వింటున్నారు.” అని, కింద చతికిలబడ్డాడు. వెనకాల కుర్రాళ్ళందరూ చతికిలబడ్డారు. బల్లల మీద పరిచిన తెల్లగుడ్డల మధ్య దొర వాకిలి మా పశువుల దొడ్డిలా తయారైంది.

దొర తుపాకీ ఉండే గది వైపు తిరిగాడు. అప్పుడు వియ్యంకుడు అరిచాడు. “ఏంటి బావగారూ? ఎవరు వీళ్ళు?”

“ఏం లేదు బావగారూ, మా పనివాళ్ళ ఆటలు...”

“ఆటలు కాదు బాబుగారూ” అంది వదిన, పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చి. “ఈ ఇంటి పిల్లాణ్ణి కొండకి తీసుకెళ్ళడానికి వచ్చారు. అక్కడికెళ్ళొస్తేనే మాలో మగాడౌతాడు.”

“ఈ ఇంట్లో పిల్లాడెవరు?” అంది వియ్యపురాలు.

“అదుగో అమ్మగారూ, మీకు కాఫీ ఇచ్చాడే, వాడే. ఇందాక దొర మీతో చెప్పారుగా, మా ఇంటి పిల్లాడేనని.”

“ఔను, చెప్పావు బావా” అన్నాడు వియ్యంకుడు. “నీ చేతుల్లో పెరిగాడన్నావు కూడా.”

దొర మొహం టమాటాపండులా అయింది. “ఇప్పుడెలా కుదురుతుంది? కోతలున్నాయి...”

“కోతలకి పిల్లాణ్ణి ఆపుకుంటావా? నా మనుషుల్ని పంపిస్తాలే!” వియ్యంకుడు పొట్ట ఊగేలా నవ్వాడు. ఫోటోగ్రాఫరు అప్పటికే కెమెరా పెట్టె కంటికి ఎత్తాడు. దొర ఒకసారి వియ్యంకుడి వైపు చూశాడు, ఒకసారి నది ఉన్న దిక్కుకేసి చూశాడు. తర్వాత వదిన దగ్గరికి వంగి, పళ్ళ మధ్య నుంచి అన్నాడు:

“దీనికి నువ్వు ఏడుస్తావే.”

“నాలుగేళ్ళ కిందటే ఏడ్చేశాను దొరా. ఇప్పుడు తీరిగ్గా ఉన్నాను.” అని, కేకు పళ్ళెం కిందనుంచి మడతపెట్టిన దుప్పటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

దొర దుప్పటి విప్పాడు. వెలానీ ఆయనకన్నా పొడుగు. వాడు వంగలేదు. దొర మునివేళ్ళ మీద లేచి వాడి భుజాన కప్పాల్సొచ్చింది. ఆ ఫోటో పత్రికలో వచ్చింది. జియానే తాత ఇంకా లేవలేదు.

“మాట చెప్పాలి దొరా. ‘ఇదిగో నా పిల్లాడు, మనిషిని చేసి పంపండి’ అనాలి.”

దొర గొణిగాడు.

“వినపడలా. నాకు చెవి కూడా ఒకటే.”

దొర గట్టిగా అన్నాడు. పెళ్ళివారు చప్పట్లు కొట్టారు. చప్పట్లు తగ్గాక తాత, “ఎద్దు?” అన్నాడు. పోటీలకని మేపుతున్న ఎర్ర ఎద్దుని వెలానీయే విప్పుకొచ్చాడు. దానికి నేర్పిందీ మేపిందీ వాడే కాబట్టి అది దొర వైపు తిరిగి కూడా చూడలేదు. గుంపు పాట ఎత్తుకుంది. పోతూ పోతూ జియానే తాత వదిన వైపు కన్ను గీటాడు. గీటాడనే అనుకుంటున్నాను. ఒంటికన్ను మనిషి రెప్ప వేస్తే అది కన్ను గీటడమో కన్ను మూసుకోవడమో ఎవరు చెప్పగలరు?

అందరూ అటు చూస్తుండగా వదిన వాకిలి దాటి, అక్కడ ఆపి ఉన్న ట్రక్కులోకి చెయ్యి పెట్టి, ఆ రెండో టోపీ తీసి నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయింది.

దొర ఊరుకున్నాడనుకోకండి. వియ్యంకుడి కార్లు తిరుగుతున్నన్నాళ్ళు నవ్వుతూ తిరిగాడు. కోతలు అవగానే మా గిన్నెలు, మేకలు, మమ్మల్ని ఒకే ట్రక్కులోకి ఎత్తించాడు. మా తాత ఐదేళ్ళ ఊడిగం ఆరోజుతో తీరింది. వెళ్తుంటే ఇద్దరు మనుషులు ఆయన గోడని పారలతో చెక్కుతున్నారు. వదిన ట్రక్కు మీదనుంచి వంగి చూసి అంది:

“గట్టిగా చెక్కండ్రా. లోపల నా గోడ ఉంది.”

ఎంత చెక్కినా, ఎంత సున్నం కొట్టినా, వాన పడ్డప్పుడల్లా ఆ గోడ మీద నీలం, ఎరుపు, నడుమ నల్లగీత తేలేవని ఆ దారిన వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. వాళ్ళు చెప్పారు, నేను విన్నాను. అంతవరకే నా పూచీ.

మమ్మల్ని దింపిన చోట చెట్టూ లేదు చేమా లేదు. రాళ్ళు మాత్రం కావలసినన్ని. కొండ దిగొచ్చిన వెలానీ అడుగుతూ అడుగుతూ అక్కడికి వచ్చాడు. కొండకి వెళ్ళిన కొడుకు తిరిగొస్తే తల్లి రెండు భుజాల మీదనుంచి నేలదాకా పూసల పట్టీలు వేలాడేసుకుంటుంది. వాటిని కన్నీళ్ళంటాం. ఒకటి పోయిన పిల్లాడికి, ఒకటి వచ్చిన మగవాడికి. వదిన ఆ రెండూ వేసుకుని, రేకుల గుడిసె ముందు రాయి మీద రాణిలా కూర్చుంది. గుడిసెకి అప్పటికే రంగులున్నాయి. వెలానీ వచ్చి మా మగవాళ్ళ మధ్య, నా పక్కన కూర్చున్నాడు. నేను పెళ్ళిరోజు కథ ఎత్తుకుని, “అప్పుడు నేను దొర ఎదురుగా నిలబడి...” అన్నానో లేదో, “ట్యాంకు వెనకాల బకెట్టు ఎవరిది చిన్నాన్నా?” అన్నాడు. నా మాటకి అడ్డొచ్చాడు! వాడు మగాడయ్యాడని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

ఇక ఆ టోపీ. వదిన దాన్ని గుడిసె మూల వెల్లకిలా పెట్టి, గడ్డి వేసి, పెట్టని పొదగేసింది. పిల్లలు లేచాయి. పొద్దున్నే పెట్ట దాంట్లోంచి తల పైకెత్తి చూస్తే మేమందరం వరసగా నిలబడి, “దండాలు దొరా!” అనేవాళ్ళం.

ఇంతా విన్నారు కాబట్టి ఒక్క నిజం చెబుతాను. దొరకి రెండో టోపీ లేదు. ఆయనకి ఉన్నది ఒక్కటే, అది ఎప్పుడూ ఆయన నెత్తిమీదే ఉండేది. ఆ రెండోది నేనే పెట్టాను ఆయనకి, ఈ కథ మొదట్లో. గోడ నిజం, దుప్పటి నిజం, ఎర్ర ఎద్దు నిజం. కానీ అవన్నీ వదిన తీసుకున్నవి. నా చేతికి ఏమీ రాలేదు, బకెట్టు తప్ప. ఆయన దగ్గర నుంచి నేనూ ఏదో ఒకటి లాక్కోవాలి కదా. లాక్కోడానికి ఒకటి ఉండాలని ముందే పెట్టుకున్నాను. పెట్ట మాత్రం నిజమే, పాత బకెట్టులో పొదిగేది.